స్థలం కొనేముందు ఎవరి మాట వినాలి?

ప్లాటో, ఫ్లాటో, ఊరి బయట కాస్త పొలమో కొనడం తెలుగు మధ్యతరగతి కుటుంబం తీసుకునే అతిపెద్ద ఆర్థిక నిర్ణయం. దానికి సలహా చెప్పేవాళ్ళకు కొదవ లేదు. బావమరిది ఒక మాట చెబుతాడు, ఆఫీసులో పక్క సీటాయన ఇంకో మాట చెబుతాడు. మీడియేటరు, వెంచర్ ఏజెంటు, వకీలు, బ్యాంకు ఆఫీసరు, దస్తావేజులు రాసే మనిషి, యూట్యూబ్ ఛానల్... అందరూ నమ్మకంగానే చెబుతారు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో కలవదు.

ఈ వాదం కొత్తది కాదు కానీ గత పదేళ్ళలో బాగా చిక్కుపడింది. స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా వచ్చింది, తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చి భూభారతిగా మారింది, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చింది, రాజధాని అమరావతి ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది. మార్పు వచ్చినప్పుడల్లా పాత సలహాదారు ఒకరు వెనకబడ్డారు, కొత్తవారు ముందుకొచ్చారు. "తెలిసినవాళ్ళ ద్వారా కొను" అన్న మాట "రెరా నంబరు చూసి కొను"గా మారింది, ఆ తర్వాత "చెరువు హద్దు తెలిపే ఎఫ్‌టీఎల్ మ్యాపు చూసి కొను" అయింది. ఏ మాటా అబద్ధం కాదు, ఏ ఒక్కటీ చాలదు.

చిక్కు ఎక్కడుందంటే, కొనేవాడి ముందున్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. అమ్ముతున్నవాడికి హక్కు ఉందా? అడుగుతున్న ధర సరైనదేనా? ఇది నా పరిస్థితికి తగిన పెట్టుబడేనా? ఒకదానికి బాగా జవాబు చెప్పగలిగినవాడిని మిగతా రెండింటికీ నమ్మడం దగ్గరే చాలా నష్టాలు మొదలవుతాయి. ఈ సమీక్షలో ఒక్కో మార్గాన్నీ ఆ మూడు ప్రశ్నల ముందు నిలబెట్టి చూద్దాం.

కరణం పోయాక

ఒకప్పుడు ఊళ్ళో ఈ ప్రశ్నకు ఒకే చిరునామా ఉండేది. ఆంధ్ర ప్రాంతంలో కరణం, తెలంగాణలో పట్వారీ. ఏ సర్వే నంబరు ఎవరి అనుభవంలో ఉంది, ఏ అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నారు, ఏ గట్టు మీద తగాదా నడుస్తోంది అన్నవి ఆయన రాసే అడంగల్, పహాణీల్లో కొంత, ఆయన తలలో మిగతాది ఉండేవి. ఆ తెలివిడి వంశపారంపర్యంగా వచ్చింది. దాన్ని పట్టుకుని చేసిన పెత్తనమూ అలాగే వచ్చింది. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. ఊరికి అది అవసరమైన మార్పు. అయితే ఒకచోట ఉన్న సమాచారం నలుగురి మధ్యా చెదిరిపోయింది. దాన్ని పోగుచేసి చెప్పగలిగిన మధ్యవర్తికి విలువ పెరిగింది.

తర్వాతి మలుపు 1998. ఆ ఏడాదే హైదరాబాద్‌లో ఐటీ భవనం సైబర్ టవర్స్ తెరుచుకుంది, ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులను కంప్యూటరీకరించే 'కార్డ్' పథకం మొదలైంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, 2008లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ కలిసి హైదరాబాద్ చుట్టుపక్కల పొలాలన్నింటినీ వెంచర్ల లెక్కలోకి తెచ్చాయి. కరీంనగర్ టీచరు షాద్‌నగర్‌లో ప్లాటు కొనడం, డాలస్‌లో ఉన్న ఇంజినీరు తెల్లాపూర్‌లో ఫ్లాటు కొనడం మామూలైపోయాయి. ఎప్పుడూ అడుగుపెట్టని ఊళ్ళో, మొహం తెలియని మనిషి దగ్గర కొనాల్సి వచ్చింది. సలహా ఒక వ్యాపారంగా మారింది ఇక్కడే.

2020లో తెలంగాణ గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను రద్దు చేసి ధరణిని తెచ్చింది. రికార్డు అందరికీ కనిపించేలా తెరమీదకు వచ్చింది. అందులో తప్పు దొర్లితే సరిచేసే అధికారం మాత్రం కింది ఆఫీసుల్లో లేకుండా పోయింది. 2025లో వచ్చిన భూభారతి చట్టం అప్పీలుకు దారి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అమల్లోకి వచ్చిన భూయాజమాన్య హక్కుల చట్టం మరుసటి ఏడాదే రద్దయింది. నేటి సలహా రేపటికి పాతబడటానికి ఈ వేగం కూడా ఒక కారణం.

'మనవాడే' అనే దారి

బంధువులు, ఊరివాళ్ళు, కలిసి చదువుకున్నవాళ్ళు, కులసంఘం, ఉద్యోగుల సొసైటీ ద్వారా కొనడం అన్నింటికంటే పాత మార్గం. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నగరంలో అలవాటైంది కానీ ఆ మార్గానికి బలం లేకపోలేదు. మోసం చేస్తే మొహం చాటేయాల్సి వస్తుందన్న భయం ఏ అగ్రిమెంటుకంటే తక్కువ కాదు. చనిపోయిన పెద్దాయనకు మొదటి భార్య పిల్లలున్నారని, పెళ్ళై వెళ్ళిన కూతురు సంతకం ఇంకా పెట్టలేదని ఏ పోర్టల్లోనూ ఉండదు. ఆ ఊరి మనిషికి తెలుస్తుంది.

ఈ మార్గానికి పరిమితులు రెండు. మొదటిది, దగ్గరివాళ్ళందరికీ తెలిసింది ఒకటే కావడం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన ప్రసిద్ధ వ్యాసం దూరపు పరిచయాల బలాన్ని చూపించింది. దగ్గరి స్నేహితులు మనం తిరిగే చోటే తిరుగుతారు, కొత్త సమాచారం అంతగా పరిచయం లేనివాళ్ళ నుంచే వస్తుంది. ఆయన పరిశీలన ఉద్యోగాల గురించి. స్థలాల విషయంలోనూ అది సరిపోతుంది. ఒకే ఆఫీసులో పదిమంది కలిసి ఒకే వెంచర్‌లో కొన్నప్పుడు పదిమంది విచారించినట్టు కనిపిస్తుంది. నిజానికి విచారించింది మొదటివాడు ఒక్కడే, మిగతా తొమ్మిదిమంది అతన్ని చూసి కొన్నారు.

రెండోది మరింత బాధ కలిగించేది. వెంచర్ కంపెనీలు పరిచయాలనే సరుకు చేశాయి. రిటైరైన ఉద్యోగులను, ఉపాధ్యాయులను, బీమా ఏజెంట్లను చేర్చుకుంటాయి. వాళ్ళ కింద ఇంకొందరు, ఆ కింద మరికొందరు. ప్లాటు అమ్ముడైతే వరుసలో పైవాడిదాకా వాటా అందుతుంది. వీళ్ళకు స్థలాల అనుభవం ఉందా అని కంపెనీ చూడదు, ఫోన్‌లో ఎన్ని నంబర్లున్నాయో చూస్తుంది. "అన్నయ్యా, నేనూ రెండు ప్లాట్లు తీసుకున్నా" అని చెప్పే తమ్ముడు అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ ఆ మాటకు అతనికి డబ్బు ముడుతోందన్న సంగతి అన్నయ్యకు తెలియదు. అనుమతులు రాకముందే అవిభాజ్య వాటా, అంటే యూడీఎస్ పేరుతో సాగిన ప్రీలాంచ్ అమ్మకాలు హైదరాబాద్‌లో వేలమందిని ముంచింది ఎక్కువగా ఈ వరుసల మీదుగానే.

హక్కు గురించి ఊరి మనిషి చెప్పేది విలువైనదే. ధర గురించి అతను చెప్పేది సగం మాత్రమే నిలుస్తుంది. ఇక పెట్టుబడి మనకు తగునా అంటే, మొహమాటం అడ్డొచ్చే చోట అతని నుంచి నిజాయితీ జవాబు రావడం కష్టం.

కాగితాలు చూసేవాళ్ళు

రెండో పక్షం వకీళ్ళది. మనుషులు మారతారు, కాగితం మారదు అన్నది వాళ్ళ పునాది. ముప్పై ఏళ్ళ ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లన్నీ, పహాణీలు లేదా అడంగల్, 1బీ, నాలా (వ్యవసాయేతర) మార్పిడి ఉత్తర్వు, లేఅవుట్ అనుమతి, వారసుల సంతకాలు, చివరగా పేపర్లో పబ్లిక్ నోటీసు. ఈ వరుస తప్పకుండా పాటించినవాళ్ళు మోసపోయే అవకాశం చాలా తగ్గుతుంది. ఇందులో సందేహం లేదు.

సందేహం ఉన్నది ఆ కాగితం ఎంతవరకు చెబుతుందన్న దగ్గర. ఈసీనే దగ్గరగా చూద్దాం. తెలుగు రాష్ట్రాల్లో 1983 నుంచి రిజిస్టరైన లావాదేవీలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. అంతకుముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్ ఈసీకి దరఖాస్తు చేసుకోవాలి. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన దస్తావేజులే. రిజిస్టర్ కాని అగ్రిమెంటు కనిపించదు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి అదీ కనిపించకపోవచ్చు. కోర్టులో నడుస్తున్న దావా కనిపించదు. వారసత్వంగా వచ్చిన హక్కు కనిపించదు. అసలు కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుని దాన్ని రిజిస్టర్ చేయించకపోతే ఆ తాకట్టూ కనిపించదు. దానికి 2011లో మొదలైన తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్ రికార్డు విడిగా వెతకాలి, స్వల్ప ఫీజుతో ఎవరైనా వెతకొచ్చు.

ఇంకో చిన్న విషయం పెద్ద నష్టం తెస్తుంది. వెతికేటప్పుడు ఇచ్చే సర్వే నంబరు, పాత దస్తావేజులో రాసిన నంబరు ఒకటే కావాలి. 124 అన్న నంబరు తర్వాత 124/అ, 124/ఆ గా విడిపోయి ఉండొచ్చు. పాత కాగితంలో నంబరు లేకుండా నాలుగు దిక్కుల హద్దులే రాసి ఉండొచ్చు. ఊరి పేరు రెండు రకాలుగా నమోదై ఉండొచ్చు. ఇలాంటి చోట 'లావాదేవీలేవీ లేవు' అని వచ్చిన ఈసీ చూసి సంబరపడటం ప్రమాదం. మంచి వకీలు ఒకే స్థలానికి మూడు నాలుగు రకాలుగా వెతికిస్తాడు. తొందరలో ఉన్నవాడు ఒక్కసారి వెతికి సంతకం పెడతాడు. రెండు ఒపీనియన్లూ పైకి ఒకేలా ఉంటాయి.

కాగితం పక్షానికి చట్టంలోనే ఒక హద్దు ఉంది. మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజు నమోదు, హక్కుకు ప్రభుత్వ హామీ కాదు. అమ్ముతున్నవాడికి హక్కు ఉందో లేదో తేల్చడం సబ్ రిజిస్ట్రార్ పని కాదని తమిళనాడుకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్లో మళ్ళీ చెప్పింది. జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) పట్టుకుని చేసే అమ్మకం హక్కును బదిలీ చేయదని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లోనే స్పష్టం చేసింది. ఆ తర్వాత కూడా "జీపీఏ ఉంది, పర్వాలేదు" అనేవాళ్ళు తగ్గలేదు.

బ్యాంకు రుణం మంజూరైంది కాబట్టి కాగితాలు బాగున్నట్టే అన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ప్యానెల్ అడ్వకేట్ ఒపీనియన్ బ్యాంకు కోసం, బ్యాంకు అడిగిన ప్రశ్నలకు రాసింది. కొన్నవాడికి అతను ఏ హామీ ఇవ్వడు. హైదరాబాద్‌లోని ఒక బ్యాంకు గృహరుణాల కేసులో, ఒపీనియన్ తప్పైనంత మాత్రాన, కుట్రకు ఆధారం లేనిదే ప్యానెల్ అడ్వకేట్‌ను నేరస్థుడిగా చూడలేమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయంగా అది సబబైన మాటే. కొనేవాడు గ్రహించాల్సింది ఒకటుంది. బ్యాంకుకు కొన్నవాడి జీతం, హామీదారు కూడా భద్రతే, కొన్నవాడికున్నది ఆ స్థలం ఒక్కటే.

అయినా నా దృష్టిలో సొంతంగా ఫీజు ఇచ్చి పెట్టుకున్న వకీలుకు ఉన్న గొప్ప గుణం, ఈ రంగంలో ఇంకెవరికీ లేనిది, ఒకటుంది. 'కొనొద్దు' అని చెప్పినా అతని ఫీజు అతనికి వస్తుంది. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలే ఒప్పుకోవు.

రెరా తెచ్చిన మార్పు, రెరా చేరని చోటు

2016 నాటి రెరా చట్టం 2017 మే నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన, లేదా ఎనిమిది యూనిట్లు దాటిన ప్రాజెక్టు రిజిస్టర్ కాకుండా ప్రకటన కూడా వేయకూడదు. కొనుగోలుదార్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. అగ్రిమెంటు రాసుకోకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ప్రీలాంచ్ ఆఫర్‌లో 'మొత్తం కడితే సగం ధర' అని విన్నప్పుడు ఈ ఒక్క నిబంధన గుర్తున్నవాడు బయటపడతాడు.

సలహా విషయంలో ఈ చట్టం తెచ్చిన మార్పు తక్కువగా చర్చకు వచ్చింది. కమిషన్ తీసుకుని కొనేవాడినీ అమ్మేవాడినీ కలిపే ప్రతి ఒక్కరినీ, ఏ పేరుతో పిలిచినా, చట్టం ఏజెంటుగానే నిర్వచించింది. ఏజెంటు రిజిస్టర్ కావాలి, రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మకూడదు, లెక్కలు రాసిపెట్టాలి, కొనేవాడికి రావాల్సిన కాగితాలన్నీ అందేలా చూడాలి. తప్పితే రోజుకు 10,000 రూపాయల చొప్పున, అమ్మించిన ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా. ప్లాటు అమ్మిపెట్టిన తమ్ముడు కూడా ఈ నిర్వచనంలోకి వస్తాడు. మహారాష్ట్ర ఇంకో అడుగు వేసి ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ పరీక్ష పెట్టాల్సిందే.

రెరా అందని జాగా ఇంకా చాలా ఉంది. ఏజెంటు రిజిస్ట్రేషన్ నిబంధన వర్తించేది రిజిస్టరైన ప్రాజెక్టులో ప్రమోటర్ నేరుగా అమ్మే ప్లాటుకో ఫ్లాటుకో. ఒకాయన తన పాత ఫ్లాటును ఇంకొకాయనకు అమ్మితే మధ్యలో ఉన్న బ్రోకరుకు ఆ నిబంధన తగలదు. మనవాళ్ళు పెట్టుబడిగా కొనేవాటిలో సెకండ్ సేల్ ప్లాట్లు, పాత ఇళ్ళు, పొలాలు ఎన్నో లెక్కపెట్టుకుంటే ఈ ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది. వ్యవసాయ భూమిని గుంటల్లో ముక్కలు చేసి 'ఫామ్ ప్లాట్లు'గా, చందనం మొక్కలతో సహా అమ్మే వ్యాపారం పెరిగింది కూడా ఈ ఖాళీలోనే.

రెరా నంబరును నాణ్యత ముద్రగా చదవడం ఇంకో పొరపాటు. ప్రమోటర్ తన వివరాలు బహిరంగంగా పెట్టాడని ఆ నంబరు చెబుతుంది. వెబ్‌సైట్‌లో ఆ వివరాలు తెరిచి చదివేవాడికే అది పనికొస్తుంది.

మీడియేటరు ఎవరి మనిషి?

ఈ వాదంలో ఎక్కువ వేడి పుట్టించే ప్రశ్న ఇదే. కొందరు మీడియేటరును దళారీగానే చూస్తారు. ఇంకొందరు అతను లేకుండా అమ్మేవాడూ కొనేవాడూ ఒక గదిలో కూర్చోలేరంటారు. రెండో మాటలో నిజం ఎక్కువే ఉంది. బేరం చెడకుండా ఇద్దరి మాటలూ మెత్తబరిచి చేరవేయడం, వాయిదాలకు ఒప్పించడం, రిజిస్ట్రేషన్ రోజు నలుగురు అన్నదమ్ములనూ ఒకేచోటికి తీసుకురావడం చిన్న పనులు కావు.

ఇబ్బంది మనిషిలో కాదు, లెక్కలో ఉంది. కోటి రూపాయల ఫ్లాటు, కమిషన్ ఒక శాతం అనుకుందాం. అతను కష్టపడి మీకోసం ఐదు లక్షలు తగ్గించాడంటే మీకు ఐదు లక్షలు మిగులుతాయి, అతనికి ఐదు వేలు తగ్గుతాయి. బేరం కుదరకపోతే అతనికి లక్ష పోతుంది. కాబట్టి అతనికి ధర కంటే బేరం తెగడం ముఖ్యం. ఇది అమ్మేవాడి విషయంలోనూ అంతే. స్టీవెన్ లెవిట్, చాడ్ సివెర్సన్ అనే ఆర్థికవేత్తలు షికాగో ప్రాంతంలో సుమారు లక్ష ఇళ్ళ అమ్మకాలు పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఏజెంట్లు సొంత ఇల్లు అమ్ముకున్నప్పుడు సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగారని, 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారని తేలింది. ఖాతాదారు ఇల్లైతే వచ్చిన ధరకు ఒప్పించారు. అక్కడి మార్కెట్ వేరు, మనిషి లెక్క ఒకటే.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. ఒకే మీడియేటరు రెండువైపులా కమిషన్ తీసుకోవడం ఇక్కడ సాధారణం, ఎవరూ తప్పుగా చూడరు. అమెరికాలో కొనేవాడికి విడిగా ఏజెంటు ఉండటం అలవాటు. అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం 41.8 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్న కేసు ఫలితంగా, 2024 ఆగస్టు నుంచి ఇల్లు చూపించే ముందే ఏజెంటు తన ఫీజు ఎంతో కొనేవాడితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న తెలుగువాళ్ళు ఈ పద్ధతికి అలవాటుపడుతున్నారు. వాళ్ళే ఇక్కడ కొనేటప్పుడు మీడియేటరును తమ ఏజెంటే అనుకుంటారు. అతను మాత్రం బేరం ఎలా తెగుతుందా అని చూస్తుంటాడు.

విదేశాల్లో ఉన్నవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి రెండు మాటలు. ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు ఇక్కడ వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక ద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పుకోవు, వారసత్వంగా రావొచ్చు. అయినా ఫామ్ ప్లాట్ల ప్రచారం వాళ్ళనే ఎక్కువగా వెతుక్కుంటూ వెళ్తుంది. అక్కడ రాసి పంపిన పవరాఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు చేయించాలి. ఇవి చెప్పకుండా 'అన్నీ మేం చూసుకుంటాం' అనేవాడిని నమ్మొద్దు.

తెరమీది సలహా

పోర్టల్స్, యూట్యూబ్, వాట్సాప్ గ్రూపుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పోర్టల్లో కనిపించేది అడిగే ధర, తెగిన ధర కాదు. రిజిస్ట్రేషన్ విలువ తెగిన ధరకంటే తక్కువ ఉండటం మన దగ్గర పాత జబ్బు. కాబట్టి నిజమైన ధర ఏ తెరమీదా దొరకదు. వీడియో చేసేవాడు ఆ వెంచర్ నుంచి డబ్బు తీసుకున్నాడో లేదో చాలాసార్లు చెప్పడు. ఈ మాధ్యమాలు బాగా పనికొచ్చేది ఒక్కచోట. ఇప్పటికే కొని ఇబ్బందిపడినవాళ్ళు ఒకరినొకరు వెతుక్కుని కలిసి రెరాకో పోలీసులకో ఫిర్యాదు చేయడానికి ఇవి చాలా ఉపయోగపడ్డాయి. కొనేముందు ఆ గ్రూపు దొరికితే కొనేవాడి అదృష్టం.

ముందుగా తెలిసిన కబురు

పరిచయాలకు అసలు విలువ సలహాలో కాదు, కబురులో ఉందనేవాళ్ళది ఇంకో పక్షం. రోడ్డు ఎటు వస్తుంది, మాస్టర్ ప్లాన్‌లో ఏ రంగు పడుతుంది, ఏ జీవో ఎత్తేస్తారు అన్నవి ముందుగా తెలిస్తే చాలంటారు. షేర్లలో ఇలా లాభపడటం నేరం. భూమి విషయంలో అలా కాదు. అమరావతి భూముల కేసులో ఇన్‌సైడర్ ట్రేడింగ్ అన్న భావన భూమి కొనుగోళ్ళకు వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2021 జనవరిలో చెప్పింది, ఆ ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

ఈ దారిలో వెళ్ళి లాభపడినవాళ్ళు లేరనలేం. కానీ ఆ కబురు సామాన్యుడి దాకా వచ్చేసరికి ధరలో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. మిగిలేది రాజకీయం మారితే వచ్చే నష్టం. అమరావతిలో రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. చుట్టుపక్కల స్థలాల ధరలు చుక్కలనంటాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక కొనేవాళ్ళు మాయమయ్యారు, 2024 తర్వాతే మళ్ళీ కదలిక. ఆ ఐదేళ్ళూ పిల్లల చదువుకో పెళ్ళికో అమ్మాలనుకున్నవాళ్ళు ఏమయ్యారో ఏ గణాంకంలోనూ లేదు. హైదరాబాద్ పడమటి వైపు 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో 'ఇదిగో ఎత్తేస్తారు' అన్న మాట మీద అక్కడ అమ్మకాలు సాగుతూనే వచ్చాయి. 2022లో ప్రభుత్వం దాన్ని సడలిస్తూ 69 జీవో ఇచ్చాక కూడా అక్కడ ఏం కట్టొచ్చన్న అయోమయం తీరలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

హక్కు అన్న ప్రశ్నకు వకీలు, ఊరి మనిషి కలిసి మంచి జవాబు ఇవ్వగలరు. ఒకరికి కాగితం తెలుసు, ఇంకొకరికి నేల తెలుసు. ఇద్దరిలో ఎవరూ చెప్పలేనిది చెరువు హద్దు. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక కూల్చిన కట్టడాల్లో రిజిస్ట్రేషన్, బ్యాంకు రుణం ఉన్నాయని యజమానులు మొత్తుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. హెచ్‌ఎండీఏ చెరువుల పటాలు, ఇరిగేషన్ అధికారి, సర్వేయర్ విడిగా చూడాల్సినవి. నిషేధిత జాబితా, అంటే 22ఎ, కూడా అంతే. అసైన్డ్ భూమి ఎన్ని చేతులు మారినా 1977 చట్టం దాన్ని అంత తేలిగ్గా వదలదు.

ధర అన్న ప్రశ్నకు మీడియేటర్లే దగ్గరి జవాబు చెప్పగలరు, అయితే ఒక్కరు కాదు, ఆ బేరంలో లేని ఇద్దరు ముగ్గురు. అమ్మేవాడిలా ఫోన్ చేసి ఎంత వస్తుందని అడిగితే వచ్చే అంకె, కొనేవాడిలా అడిగితే వచ్చే అంకెకంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. వేలంలో పలికిన ధరలు సామాన్యుడికి కొలత కావు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆకాశహర్మ్యాలు కట్టే అనుమతి ఉన్న ఆ భూమికీ, ముప్పై కిలోమీటర్ల అవతలి 200 గజాల ప్లాటుకూ సంబంధం కలిపి గజం ధర పెంచినవాళ్ళు చాలామంది.

మూడో ప్రశ్నకు, నాకు ఇది తగునా అన్నదానికి, జవాబు చెప్పేవాళ్ళే దాదాపు లేరు. నాకు అన్నింటికంటే ఆందోళన కలిగించే సంగతి ఇది. నివాస ఫ్లాటు మీద వచ్చే అద్దె ఇంటి విలువలో ఏడాదికి మూడు నాలుగు శాతం దాటడం అరుదు. అప్పు వడ్డీ దానికి రెట్టింపు. ప్లాటుకు ఆ అద్దె కూడా ఉండదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, రెండువైపులా కమిషన్, అవసరానికి వెంటనే అమ్ముడుపోని ఇబ్బంది కలిపి లెక్కేస్తే చాలామంది గొప్పగా చెప్పుకునే లాభం సగానికి దిగుతుంది. సెబీ 2013 నిబంధనల కింద రిజిస్టరైన పెట్టుబడి సలహాదారు షేర్లు, ఫండ్ల గురించి చెబుతాడు, స్థలం అతని పరిధిలో లేదు. 2019లో మన మార్కెట్‌లోకి వచ్చిన రీట్లు (స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులు), 2024లో నిబంధనలు వచ్చిన చిన్న రీట్ల గురించి మీడియేటరు చెప్పడు, వాటిలో అతనికి కమిషన్ లేదు. ఇద్దరి మధ్యా కొనేవాడు ఒంటరిగా మిగులుతాడు.

ఇంకా తేలనివి

హక్కుకు హామీ ఎవరిదన్నది మొదటి ప్రశ్న. టైటిల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలని రెరా చట్టం 16వ సెక్షన్ ప్రమోటర్ల మీద బాధ్యత పెట్టింది, కానీ రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తేనే. బీమా కంపెనీ తన డబ్బు పెట్టాల్సి వస్తే కాగితాలు ఎంత శ్రద్ధగా చదువుతుందో ఊహించుకోవచ్చు. ఈ బీమా అందరికీ అలవాటైతే వకీలు ఒపీనియన్ నాణ్యతా పెరుగుతుందని ఒక వర్గం, ప్రీమియం భారం ధరలో కలిసి కొనేవాడి మీదే పడుతుందని ఇంకో వర్గం అంటున్నాయి. రెండూ జరగొచ్చు. నా మొగ్గు మొదటివైపు.

రెండోది, డబ్బు తీసుకుని కొనేవాడి పక్షాన మాత్రమే నిలిచే సలహాదారు ఇక్కడ బతకగలడా అన్నది. లక్షల కమిషన్ మాట్లాడకుండా ఇచ్చేవాళ్ళే పదివేల కన్సల్టేషన్ ఫీజుకు బేరమాడతారు. కమిషన్ బేరం తెగాక ఇస్తారు, ఫీజు ముందు ఇవ్వాలి. 'కొనొద్దు' అన్న మాటకు డబ్బు ఇవ్వడం నష్టంగా కనిపిస్తుంది. ఈ అలవాటు మారనంతకాలం స్వతంత్ర సలహా అన్నది మన దగ్గర వృత్తిగా నిలబడటం కష్టం.

మూడోది సెకండ్ సేల్ బ్రోకరు. అతన్ని చట్టం కిందకు తేవాలంటే ఏజెంటు రిజిస్ట్రేషన్ నిబంధన ప్రమోటర్ అమ్మకాలను దాటి వ్యక్తుల మధ్య అమ్మకాలకూ విస్తరించాలి. చిన్న బ్రోకర్ల జీవనోపాధి దెబ్బతింటుందన్న అభ్యంతరం ఉంది, అది కొట్టిపారేయదగింది కాదు. వీధి చివర టీ కొట్టు దగ్గర కూర్చుని ఏడాదికి నాలుగు ఇళ్ళు అమ్మించే మనిషికీ, వంద ఫ్లాట్లు అమ్మే సంస్థకూ ఒకే ఫీజు, ఒకే పరీక్ష పెడితే మొదటివాడు మళ్ళీ చాటుకే వెళ్తాడు. తక్కువ ఫీజుతో ఒక నంబరు, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాడో రాసిచ్చే ఒక రసీదు, ఇంతవరకైనా అడగడానికి అభ్యంతరం ఉండకూడదు. ఆ రసీదు మీద రెండువైపుల కమిషన్లూ కనిపిస్తే, తను ఎవరి మనిషో మీడియేటరే చెప్పినట్టవుతుంది.